ఒక సర్వరు ఆగినా రోగి ఫైలు ఆగకూడదు



ఈ పత్రికలో మేము సాధారణంగా మలేరియా, రక్తహీనత, బాలింతల ఆహారం వంటి విషయాలు రాస్తుంటాము. ఈసారి కంప్యూటర్ల గురించి రాస్తున్నాము. "నర్సులకు ఇది ఎందుకు?" అని మీరు అడగవచ్చు. మేమూ ఒకప్పుడు అలాగే అడిగినవాళ్ళమే. ఒక రాత్రి జరిగిన సంగతి మా ఆలోచన మార్చింది.

ఆ రాత్రి జరిగినది

2019 వర్షాకాలం. సాయంత్రం నుంచి ఉరుములు, మెరుపులు. రాత్రి పది దాటాక పై కొండ ఊరి నుంచి ఒక అమ్మమ్మ తన మనవరాలిని తీసుకువచ్చింది. తొమ్మిదేళ్ళ పిల్ల. సికిల్ సెల్ జబ్బు ఉన్న పిల్ల, మాకు తెలిసిన పిల్లే. జ్వరం, ఒళ్ళంతా నొప్పులు, కళ్ళు పచ్చగా ఉన్నాయి. రక్తం చూస్తే హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది.

గతంలో ఒకసారి ఈ పిల్లకు ఎక్కించిన రక్తం పడలేదని మాకు లీలగా గుర్తు. ఏ రక్తం పడలేదు, ల్యాబ్ వారు ఏమి రాశారు, ఈసారి విశాఖపట్నం రక్తనిధికి ఏ రక్తం కావాలని చెప్పాలి? ఇదంతా ఆమె ఫైలులో ఉంది. ఫైలు సర్వరులో ఉంది. సర్వరు సాయంత్రం ఉరుముకు ఆగిపోయింది.

అమ్మమ్మ రేషను కార్డుతోపాటు ప్లాస్టిక్ కవరులో దాచిన చిన్న చీటీ తీసి ఇచ్చింది. అందులో పేరు, జబ్బు, బ్లడ్ గ్రూపు ఉన్నాయి గాని రక్తం పడని సంగతి లేదు. "అంతా మీ దగ్గరే రాసుకున్నారు కదా సిస్టరమ్మా" అంది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేదు. డాక్టరుగారు సెలైను, ఆక్సిజన్, నొప్పి మందు, యాంటీబయోటిక్ మొదలుపెట్టి రక్తం సంగతి ఆపి ఉంచారు. తెల్లవారుజామున మా కంప్యూటరు బాబు సర్వరులోని డిస్కు విప్పి వేరే మిషనుకు తగిలించి ఫైలు తెరిచాడు. కావలసిన వాక్యం అందులోనే ఉంది. పిల్ల కోలుకుంది.

కాలిపోయినది సర్వరుకు కరెంటు అందించే చిన్న భాగం మాత్రమే. సమాచారం ఒక్క అక్షరం కూడా పోలేదు. అయినా ఆరేడు గంటలు ఆ ఫైలు ఉన్నా లేనట్టే అయింది. సమాచారం భద్రంగా ఉండటం వేరు, అడిగిన సమయానికి అందటం వేరు అని ఆ రాత్రి నేర్చుకున్నాము.

అందరికీ ఒకే అల్మారా

పూర్వం ఆసుపత్రిలో రికార్డు గది ఉండేది. ఇప్పుడు ఆ గది స్థానంలో సర్వరులోని షేర్డ్ ఫోల్డర్ వచ్చింది. ఓ.పి., ల్యాబ్, ఫార్మసీ, వార్డులు, ఆఫీసు ఎవరి కంప్యూటరు నుంచి వారు ఆ ఒక్క అల్మారానే తెరుస్తారు. ఇందువల్ల మంచి ఉంది. మా కొండల్లో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు గలవారు ఎందరో ఉంటారు. కొర్రా, కిల్లో, పాంగి, వంతల అని పిలిస్తే ఓ.పి. వరుసలో నలుగురు లేచి నిలబడతారు. ఒకే చోట ఒకే నంబరుతో ఫైలు ఉంటే ఒకరి మందు మరొకరికి పోయే ప్రమాదం తగ్గుతుంది.

చిక్కు ఏమిటంటే, ఒకే అల్మారా కాబట్టి దాని తలుపు మూసుకుపోతే ఆసుపత్రి మొత్తానికి మూసుకుపోతుంది. ఒకే సర్వరులో రెండు మూడు డిస్కులు పెట్టి ఒకే సమాచారం రెండింటిలో రాయించే ఏర్పాటు ఉంది. దానిని రెయిడ్ అంటారు. అది డిస్కు పాడైతే కాపాడుతుంది. మదర్‌బోర్డు గాని, పవర్ సప్లై గాని పోతే అది ఏమీ చేయలేదు. ఆ రాత్రి మాకు రెయిడ్ ఉంది, అయినా ఉపయోగపడలేదు.

ఫెయిలోవర్ క్లస్టర్ అంటే

రెండు గాని, అంతకంటే ఎక్కువ గాని సర్వర్లు జట్టుగా ఉండి, ఒకటి పడిపోతే దాని పనిని మరొకటి తనంతట తాను అందుకోవడాన్ని ఫెయిలోవర్ క్లస్టర్ అంటారు. జట్టులోని ఒక్కొక్క సర్వరును నోడ్ అంటారు. ఇది కొత్త సంగతి కాదు. 1980లలోనే పెద్ద కంప్యూటర్లలో ఉంది. విండోస్‌లో 1997లో ఎన్.టి. 4.0తో వచ్చింది. 2008 సర్వరు నుంచి ఫెయిలోవర్ క్లస్టరింగ్ అనే పేరుతో పిలుస్తున్నారు.

దీనిని వార్డు భాషలో చెబుతాము. మార్ఫిన్ ఉండే అల్మారాకు తాళంచెవి ఒకటే. అది డ్యూటీలో ఉన్న సిస్టరు దగ్గర ఉంటుంది. డ్యూటీ మారేటప్పుడు లెక్క చూసి, సంతకం పెట్టి, తాళంచెవి అప్పగిస్తాము. ఒకే సమయంలో ఇద్దరి దగ్గర తాళంచెవి ఉండదు. క్లస్టరులో కూడా ఇదే పద్ధతి. డిస్కులన్నీ ఒక పెట్టెలో ఉంటాయి. రెండు సర్వర్లకూ ఆ పెట్టెతో తీగ కలిపి ఉంటుంది. అయితే మామూలు ఫైల్ సర్వరులో ఒక సమయంలో ఒక్క సర్వరే డిస్కు తాళంచెవి పట్టుకుంటుంది. రెండవది సిద్ధంగా నిలబడి ఉంటుంది.

వార్డు కంప్యూటర్లు సర్వరు అసలు పేరు పిలవవు. క్లస్టరుకు పెట్టిన పేరు, క్లస్టరుకు ఇచ్చిన నెట్‌వర్క్ చిరునామా పిలుస్తాయి. "డ్యూటీ సిస్టర్" అని పిలిచినట్టన్నమాట. ఎవరు డ్యూటీలో ఉంటే వారు పలుకుతారు. మొదటి సర్వరు పడిపోగానే రెండవది డిస్కును, పేరును, చిరునామాను తీసుకుంటుంది. మా దగ్గర ఇది చాలాసార్లు నిమిషంలోపే పూర్తయింది. విండోస్ సర్వర్ 2012, విండోస్ 8 నుంచి వచ్చిన ఎస్.ఎం.బి. 3 పద్ధతిలో సరిగా అమర్చితే తెరిచి ఉన్న ఫైలు కొద్దిసేపు ఆగి మళ్ళీ నడుస్తుంది. అంతకంటే పాత కంప్యూటర్లలో ఫైలు మూసి మళ్ళీ తెరవాలి. సేవ్ చేయనిది పోవచ్చు.

నాడి చూడటం, కోరం లెక్క

రెండవ సర్వరుకు మొదటిది పడిపోయిందని ఎలా తెలుస్తుంది? అవి ఒకదాని నాడి ఒకటి చూసుకుంటూ ఉంటాయి. సుమారు సెకనుకు ఒకసారి చిన్న సందేశం పంపుకుంటాయి. దీని పేరే హార్ట్‌బీట్. వరుసగా కొన్నిసార్లు జవాబు రాకపోతే అవతలిది పోయిందని నిర్ణయిస్తాయి.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. అవతలి సర్వరు బాగానే ఉండి మధ్య తీగ మాత్రమే తెగితే? ఇద్దరూ ఎవరికి వారు "అవతలివారు పోయారు, ఇక డ్యూటీ నాదే" అనుకుంటారు. ఒకే రోగికి ఇద్దరు సిస్టర్లు ఒకరికి తెలియకుండా మరొకరు ఇన్సులిన్ ఇచ్చినట్టు అవుతుంది. ఇద్దరూ ఒకే డిస్కు మీద రాస్తే ఫైళ్ళన్నీ చెడిపోతాయి. దీనిని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. సర్వరు ఆగిపోవడం కంటే ఇది ఘోరం.

దీనికి విరుగుడు కోరం. కోరం లేనిదే కమిటీ తీర్మానం చెల్లదని మనకు తెలుసు. క్లస్టరులో ప్రతి సర్వరుకు ఒక ఓటు. మెజారిటీ ఉన్న పక్షమే పని చేయాలి. లేనివారు తామే పని ఆపివేయాలి. అయితే రెండే సర్వర్లు ఉంటే చెరొక ఓటు, మెజారిటీ ఎవరికీ రాదు. అందుకే మూడవ ఓటుగా ఒక సాక్షిని పెడతారు. దీని పేరు విట్‌నెస్. సాక్షి మూడు రకాలుగా ఉండవచ్చు.

1. ఉమ్మడి పెట్టెలోనే ఒక చిన్న డిస్కు. 512 ఎం.బి. ఉంటే చాలు.
2. మూడవ కంప్యూటరులో ఒక షేర్డ్ ఫోల్డర్. దీనిని క్లస్టరులోని సర్వర్ల మీదనే పెట్టకూడదు. విండోస్ సర్వర్ 2019 నుంచి, తగిన రౌటరుకు గుచ్చిన యు.ఎస్.బి. డ్రైవ్ కూడా పనికివస్తుంది.
3. ఇంటర్నెట్ ద్వారా క్లౌడ్ సాక్షి. ఇది 2016 సర్వరుతో వచ్చింది.

మా కొండల్లో వర్షాకాలం ఇంటర్నెట్ రోజుల తరబడి ఉండకపోవచ్చు. అవసరమైన రోజున హాజరుకాని సాక్షి సాక్షి కాదు. అందువల్ల మేము ఉమ్మడి పెట్టెలోని డిస్కునే సాక్షిగా పెట్టుకున్నాము.

ఏర్పాటు చేసిన క్రమం

ఇతర ఆసుపత్రులవారు అడుగుతున్నారు గనుక మేము చేసిన క్రమం ఇక్కడ ఇస్తున్నాము. చేసినవారు ఇంజనీరు, కంప్యూటరు బాబు. మేము ప్రతి మెట్టు దగ్గర "ఎందుకు?" అని అడిగాము. మీరూ అడగండి.

1. రెండు సర్వర్లు వీలైనంతవరకు ఒకే రకంవి తీసుకోవాలి. రెండింటిలో ఒకే విండోస్, ఒకే సవరణలు ఉండాలి. పాత విండోస్ సర్వర్ 2012తో కొత్తగా మొదలుపెట్టవద్దు. దానికి మామూలు భద్రతా సవరణలు 2023 అక్టోబరుతో ఆగిపోయాయి.
2. డిస్కుల పెట్టెలో రెండు కంట్రోలర్లు, రెండు పవర్ సప్లైలు ఉండాలి. లేకపోతే సర్వర్లు రెండు పెట్టినా పెట్టె ఒక్కటి పోతే అంతా పోతుంది.
3. హార్ట్‌బీట్‌కు ఒక నెట్‌వర్క్ తీగ, వార్డులకు మరొకటి. స్విచ్చులు కూడా రెండు.
4. రెండు సర్వర్లను ఒకే డొమైన్‌లో చేర్చాలి. పాస్‌వర్డులు సరిచూసే డొమైన్ కంట్రోలర్ కూడా రెండు ఉండాలి. చాలామంది దీనిని మరచిపోతారు. అల్మారా తెరిచే ఉన్నా వాచ్‌మన్ లేక ఎవరూ లోపలికి వెళ్ళలేని స్థితి వస్తుంది.
5. రెండింటిలో ఫెయిలోవర్ క్లస్టరింగ్, ఫైల్ సర్వర్ భాగాలు వేసి, వ్యాలిడేషన్ పరీక్ష నడపాలి. ఆపరేషనుకు ముందు చేసే రక్త పరీక్షల వంటిది ఇది. తప్పు చూపిస్తే సరిచేయకుండా ముందుకు పోకూడదు.
6. క్లస్టరు ఏర్పరచి, పేరు, చిరునామా ఇచ్చి, సాక్షిని చూపాలి.
7. ఫైల్ సర్వర్ పాత్ర ఎన్నుకునేటప్పుడు రెండు రకాలు కనిపిస్తాయి. రోజూ మనుషులు తెరిచే పత్రాలకు మామూలు ఉపయోగానికి ఉన్న రకమే తీసుకోవాలి. స్కేల్ ఔట్ అనే రెండవ రకం వర్చువల్ మిషన్లకు, డేటాబేసులకు ఉద్దేశించినది.
8. చివరగా షేర్డ్ ఫోల్డర్లు చేసి ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించాలి.

ఈ చివరి మెట్టును నర్సింగ్ విభాగం దగ్గర ఉండి చేయించాలి. హెచ్.ఐ.వి. ఉన్నవారి సమాచారం రహస్యంగా ఉంచాలని 2017 చట్టం చెబుతోంది. చట్టం చెప్పకపోయినా అది మన ధర్మం. చిన్న ఊళ్ళలో ఒక మాట బయటపడితే ఒక కుటుంబం వీధిన పడుతుంది. అందుకని ఆ ఫోల్డరు ఆ విభాగంలో పనిచేసే వారికే తెరుచుకునేలా చేయించాము. ఒకరి పాస్‌వర్డుతో మరొకరు పని చేయడం నిషేధించాము.

డబ్బు తక్కువ ఉన్నచోట లైనక్స్ మీద ఉచిత సాఫ్ట్‌వేరుతో కూడా ఇటువంటి ఏర్పాటు చేస్తారు. డి.ఆర్.బి.డి. అనే సాఫ్ట్‌వేరు ఒక సర్వరు డిస్కులో రాసినది నెట్‌వర్కు ద్వారా రెండవ సర్వరు డిస్కులో కూడా రాస్తుంది. పేస్‌మేకర్ అనేది ఎవరు డ్యూటీలో ఉండాలో చూస్తుంది. పేరు కూడా మనకు తెలిసిన గుండె యంత్రానిదే. ఇందులో ఉమ్మడి పెట్టె కొననక్కరలేదు. కాని తెలిసిన మనిషి దగ్గరలో ఉండాలి.

కొండల్లో ప్రత్యేక జాగ్రత్తలు

మా వైపు సర్వర్లకు శత్రువులు ఉరుము, తేమ, ఎలుకలు, కరెంటు హెచ్చుతగ్గులు. ఎర్తింగ్ ప్రతి సంవత్సరం వర్షాలకు ముందు కొలిపించాలి. రెండు సర్వర్లకు రెండు వేరు వేరు యు.పి.ఎస్.లు, వేరు వేరు లైన్లు ఉండాలి. రెండింటినీ ఒకే ప్లగ్ బోర్డుకు గుచ్చితే రెండు సర్వర్లు కొన్న డబ్బు వృథా. తీగలు వచ్చే కన్నాలు మూయాలి. సర్వరు గదిలో తడి బట్టలు ఆరవేయకూడదు, నీళ్ళ బిందె పెట్టకూడదు. నవ్వకండి, మా దగ్గర రెండూ జరిగాయి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. నగరంలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. మన కొండల్లో కాఫీ తోటల నీడ చెట్లు కూలిపోయాయి. అటువంటి రోజున విశాఖ నుంచి ఇంజనీరు ఘాట్ రోడ్డు ఎక్కి వస్తాడని అనుకోవడం వట్టి ఆశ. ఒకటి పాడైతే మరమ్మతు అయ్యేవరకు రెండవది నడవాలి. క్లస్టరు నగరంలో కంటే కొండమీద ఎక్కువ అవసరమని మేము అనేది ఇందుకే.

క్లస్టరు చేయలేని పని

ఇది బాగా గుర్తుంచుకోండి. క్లస్టరు బ్యాకప్ కాదు. ఎవరైనా పొరపాటున ఫైలు తుడిచివేస్తే అది ఉమ్మడి డిస్కులోనే తుడిచిపెట్టుకుపోతుంది. రెండు సర్వర్లలో ఏది తెరిచినా కనబడదు. వైరస్ కూడా అంతే. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. అంత పెద్ద ఆసుపత్రిలో రోజుల తరబడి పనులు చేతిరాతతో నడపవలసివచ్చింది. ఫైళ్ళను ఎవరో తాళం వేసి పట్టుకుపోతే ఎన్ని సర్వర్లున్నా ఆ తాళాన్నే చూపిస్తాయి.

అందుకు వేరుగా బ్యాకప్ కావాలి. మేము పాటించే సూత్రం ఇది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలమీద, ఒకటి ఆవరణ బయట. బయట ఉంచే డిస్కు పని అయ్యాక తీగ విప్పి ఇనుప పెట్టెలో ఉండాలి. తగిలించి వదిలేస్తే దానికీ వైరస్ పడుతుంది. పైగా నెలకొకసారి ఆ బ్యాకప్ నుంచి ఏదో ఒక ఫైలు నిజంగా తిరిగి తెప్పించి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్, తేదీ చూడని ఎమర్జెన్సీ మందు ఒకటే.

అలవాటు లేనిది అక్కరకు రాదు

నిప్పు రాకముందే నిప్పు డ్రిల్లు చేస్తాము. అలాగే నెలకొకసారి మధ్యాహ్నం ఓ.పి. తగ్గాక కావాలనే డ్యూటీని మొదటి సర్వరు నుంచి రెండవదానికి మార్పిస్తాము. ఎంతసేపు పట్టిందో పుస్తకంలో రాస్తాము. విండోస్ సవరణలు వేసేటప్పుడు కూడా ఇదే దారి. ఒకదానిని పక్కకు తప్పించి సవరించి, అది బాగుందని చూశాక రెండవది. వార్డులో పని ఆగదు.

మొదటి డ్రిల్లులోనే మా తప్పు బయటపడింది. అన్నీ సవ్యంగా మారాయి గాని ఫార్మసీ కంప్యూటరు మాత్రం ఫైలు తెరవలేదు. చూస్తే అది ఇంకా పాత సర్వరు సొంత పేరునే పిలుస్తోంది. డ్రిల్లు చేయకపోతే ఆ సంగతి మరో ఉరుముల రాత్రి తెలిసేది.

రెండు సర్వర్లూ ఆగిన రోజు కూడా రావచ్చు. అందుకు ప్రతి వార్డులో ఎర్ర అట్ట ఫైలులో ఖాళీ కాగితపు ఫారాలు ఉంచాము. కంప్యూటరు వచ్చాక ఎవరు ఎక్కించాలో కూడా రాసి పెట్టాము.

చిన్న ఆసుపత్రులవారికి

నాలుగు మంచాల ఆసుపత్రికి క్లస్టరు అవసరం లేదు. ఒక మంచి కంప్యూటరు, యు.పి.ఎస్., వారం మార్చి వారం వాడే రెండు యు.ఎస్.బి. డిస్కులు, వాటిలో ఒకటి ఎప్పుడూ వేరే కట్టడంలో ఉంటే చాలు. మీ ఫైళ్ళు ఎన్ని గంటలు అందకపోతే రోగికి ప్రమాదమో ముందు ఆలోచించుకోండి. ఒక రోజు ఆగగలిగితే బ్యాకప్ చాలు. గంట కూడా ఆగలేకపోతే క్లస్టరు గురించి ఆలోచించండి.

రోగుల బంధువులకు ఒక మాట

2023 జులై 1న జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. 40 ఏళ్ళ లోపు వారికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. మీకు ఇచ్చిన కార్డు పారేయవద్దు. ఏ మందు పడదో, ఏ రక్తం పడలేదో దానిమీద రాయమని సిస్టరును అడగండి. అడగడం మీ హక్కు. రికార్డు నకలు కోరితే 72 గంటలలోగా ఇవ్వాలని 2002 వైద్య నియమావళి కూడా చెప్పింది.

ఆ పిల్ల ఇప్పటికీ మందుల కోసం అమ్మమ్మతో వస్తుంది. ఇప్పుడు ఆమె చీటీలో ఏ రక్తం పడదో ఎర్ర సిరాతో రాసి ఉంది. అదే మాట రెండు సర్వర్లు కాపలా ఉన్న ఫైలులో ఉంది, ఇనుప పెట్టెలోని డిస్కులోనూ ఉంది. ఇకమీదట అమ్మమ్మ "అంతా మీ దగ్గరే రాసుకున్నారు కదా" అంటే, "అవునమ్మా, ఇదిగో" అని తీసి చూపించగలము.